తలకింత సబ్సిడీ అన్న మాట: కల్యాణదుర్గం పొట్టేళ్ల ఎగుమతి ప్రతిపాదనపై కేస్ స్టడీ

2024 సంక్రాంతి దాటాక, అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు గొర్రెల కాపరులు కలిసి పెట్టుకున్న ఒక ఉత్పత్తిదారుల కంపెనీకి ఎగుమతి ప్రతిపాదన ఒకటి వచ్చింది. తెచ్చినవాళ్లు వేరే రాష్ట్రం వ్యాపారులు. ఆ ఏడాది బక్రీదు జూన్ 17న. దానికి ముందే పొట్టేళ్లను ఓడలో గల్ఫుకు పంపుతామన్నారు. ఆ దారి కుదిరితే దసరా నాటికి నేపాల్‌కు, తర్వాత బంగ్లాదేశ్‌కు కూడా పంపవచ్చన్నారు. జతకు సంత ధర మీద రెండు వేలు ఎక్కువ ఇస్తామన్నారు. అన్నిటికంటే బాగా పనిచేసిన మాట ఇంకొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం ఎగుమతి చేసిన ప్రతి తలకూ సబ్సిడీ ఇస్తుందని, అందులో సగం కాపరులకే పంచుతామని చెప్పారు. దీనికి బదులుగా క్వారంటైన్ ఖర్చులు, కాగితాల ఖర్చుల కింద సభ్యులందరూ ముందుగా కొంత డిపాజిట్ కట్టాలి.

నేను పశువైద్యుణ్ణి. ప్రభుత్వ ఉద్యోగం అయిపోయాక ఇలాంటి సంఘాలకు సలహాదారుగా పనిచేస్తున్నాను. సరే అనాలా వద్దా చెప్పమని కంపెనీ బోర్డు నన్ను అడిగింది. పేర్లు, ఊళ్లు వదిలేసి ఆ పరిశీలన మొత్తాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ప్రతిపాదనలు ఆదోని, పత్తికొండ, రాయచోటి వైపు కూడా వెళ్లే అవకాశం ఉంది. అక్కడి కాపరులకు, వాళ్లతో పనిచేసే డాక్టర్లకు ఇది పనికిరావాలి.

మొదటి సమావేశంలోనే ఒక పెద్దాయన సూటిగా అడిగాడు. "గవర్నమెంటు దుడ్లిస్తాదంటే మనకు నష్టం యాడుంది సారూ? ధర తగ్గినా సబ్సిడీ ఉంటాది గదా."

"పెద్దాయనా, ఆ దుడ్లు ఉన్నాయా లేవా, ఉంటే ఎవరి ఖాతాలో పడతాయి, ముందు అది చూద్దాం" అన్నాను. పరిశీలన అక్కడి నుంచే మొదలుపెట్టాం.

సబ్సిడీ అసలు ఉందా

ఎగుమతి అయ్యే సరుకుకు ప్రభుత్వం తలకింత, కిలోకింత అని డబ్బు ఇవ్వడం ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల కింద చాలా ఇరుకైన వ్యవహారం. బతికున్న పశువులు, మాంసం ఆ సంస్థ లెక్కలో వ్యవసాయ సరుకులే. 2015 డిసెంబరులో నైరోబీలో జరిగిన మంత్రుల సమావేశం వ్యవసాయ ఎగుమతి సబ్సిడీలను ఎత్తేయాలని నిర్ణయించింది. ధనిక దేశాలు దాదాపు వెంటనే, మనలాంటి దేశాలు 2018 చివరికి ఆపేయాలి. రవాణా, మార్కెటింగ్ ఖర్చులకు మాత్రం వర్ధమాన దేశాలు సాయం చేసుకోవచ్చని ఒక వెసులుబాటు ఉంచారు. ఆ వెసులుబాటు గడువు 2023 చివరితో ముగిసింది. కల్యాణదుర్గానికి ప్రతిపాదన వచ్చింది 2024లో. అంటే సబ్సిడీ ఆశ చూపించే సమయానికి, అలాంటి సబ్సిడీ ఇవ్వడానికి మన ప్రభుత్వానికి మిగిలిన చివరి దారి కూడా మూసుకుపోయింది.

పాత పథకాల పేర్లు చెప్పి నమ్మించేవాళ్లు ఉంటారు కాబట్టి అవీ చూశాం. 2015 ఏప్రిల్ నుంచి 2020 డిసెంబరు దాకా ఎంఈఐఎస్ అనే పథకం ఉండేది. ఎగుమతి విలువలో కొంత శాతానికి సరిపడా క్రెడిట్ పత్రం ఎగుమతిదారుకు ఇచ్చేవాళ్లు. దీనితో పాటు మరికొన్ని పథకాల మీద అమెరికా ఫిర్యాదు చేసింది. అవి నిషేధిత సబ్సిడీలేనని వాణిజ్య సంస్థ ప్యానెల్ 2019 అక్టోబరు 31న తేల్చింది. భారత్ అప్పీలుకు వెళ్లింది కానీ పథకాన్ని మార్చక తప్పలేదు. 2021 జనవరి 1 నుంచి దాని స్థానంలో రోడ్‌టెప్ వచ్చింది. ఇందులో వచ్చేది సబ్సిడీ కాదు. సరుకు తయారీలో, రవాణాలో కట్టి ఇంకెక్కడా తిరిగిరాని పన్నులను వెనక్కి ఇవ్వడం. అదీ క్రెడిట్ రూపంలో, కస్టమ్స్ ఖాతాలో, ఎగుమతి కోడ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే పడుతుంది. శెట్టూరులో మంద మేపే మనిషి పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు. సగం పంచుతామన్న మాటకు ఆ వ్యాపారి నోటిమాట తప్ప ఆధారం లేదు.

నిజంగా ఉన్న సబ్సిడీ వేరు. 2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్ కింద గొర్రెలు, మేకల బ్రీడింగ్ ఫారాలకు పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల దాకా ఇస్తారు. 100 ఆడ జీవాలు, 5 పోతులతో మొదలై 500 జీవాలు, 25 పోతుల యూనిట్ దాకా ఉంటుంది. అది ఊళ్లో పెంపకానికి ఇచ్చేది. సరిహద్దు దాటించడానికి కాదు. మన బోర్డు సభ్యుల్లో సగం మంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు. ఆ వ్యాపారులు కూడా ఆ కలగాపులగాన్నే వాడుకున్నారని నా అభిప్రాయం.

లెక్క

సబ్సిడీ లేదని తేలాక కూడా "జతకు రెండు వేలు ఎక్కువ" అన్న మాట మిగిలే ఉంది. దాన్నీ కాగితం మీద పెట్టాం. ఒప్పందం ముసాయిదాలో ఒక వాక్యం ఉంది. డబ్బు లెక్కగట్టేది ఓడరేవు దగ్గర కాటా మీద పడ్డ బరువును బట్టి. మన దగ్గర సంతలో జతను చూపుతో బేరం చేస్తారు, టవల్ కింద వేళ్లు పట్టుకుని ధర తేలుస్తారు. పొట్టేలు ప్రయాణంలో ఎంత తగ్గుతుందన్న ప్రశ్న మన సంతలో ఎప్పుడూ రాదు, ఎందుకంటే దొడ్డి దాటాక ఆ నష్టం కొన్నవాడిది.

తేలిక కోసం ఒక్కో పొట్టేలు 30 కిలోలు, ప్రాణంతో కిలో 400 అనుకున్నాం. జత 60 కిలోలు, ఊళ్లో 24,000. వాళ్లు చెప్పింది 26,000, అంటే కిలోకు దాదాపు 433. పడమటి తీరంలో కచ్ వైపు రేవుకు ఇక్కడి నుంచి 1,500 కిలోమీటర్లకు పైనే. అంత దూరం లారీలో నిలబడి వెళ్లిన జీవానికి బరువులో నూటికి ఎనిమిది నుంచి పది వంతులు పోవడం మామూలే. ఎనిమిదే అనుకున్నా 60 కిలోల జత 55 కిలోల 200 గ్రాములకు దిగుతుంది. 433తో లెక్కేస్తే 23,900 చిల్లర. అంటే ఊళ్లో అమ్మిన దానికంటే కాస్త తక్కువే. దారిలో చచ్చిపోయిన జీవం బాధ్యత ఓడ ఎక్కేదాకా కాపరిదేనని ఇంకో షరతు. డబ్బు చేతికొచ్చేది సరుకు అక్కడ దిగిన రెండు నెలలకు. ఈ మూడూ పక్కపక్కన రాసి చూపించగానే బోర్డులో చాలామంది ముఖాలు మారాయి. సబ్సిడీ మీద నేను చెప్పిన చట్టం కంటే ఈ కూడికలు తీసివేతలే వాళ్లకు ఎక్కువ తెలిశాయి.

పొరుగు దేశాల సంగతి

వ్యాపారులు నేపాల్, బంగ్లాదేశ్ పేర్లు అలవోకగా చెప్పారు కానీ ఈ భాగమే అన్నిటికంటే చిక్కుది, నేను ఎక్కువ సమయం పెట్టిందీ దీనిమీదే.

నేపాల్‌తో మనకు వాణిజ్య ఒప్పందం ఉంది. రెండు దేశాలూ ఒకదానికొకటి కస్టమ్స్ సుంకం లేకుండా అనుమతించే సరుకుల జాబితాలో పశువులు, పక్షులు, చేపలు ముందు నుంచే ఉన్నాయి. సుంకమే లేనప్పుడు సబ్సిడీ తీర్చాల్సిన లోటు ఏదీ లేదు. మరి ఆపేది ఏమిటి? ఒకటి రోగం, అంటే సరిహద్దు దగ్గర క్వారంటైన్. రెండోది కోర్టులు, జనం మనసు. నేపాల్‌లోని గఢీమాయి జాతర అయిదేళ్లకొకసారి జరుగుతుంది, అక్కడ వేల పశువులను బలిస్తారు. ఆ జాతరకు మన దేశం నుంచి పశువులు దొంగదారిన వెళ్లకుండా చూడాలని 2014 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కేసు కొనసాగింపులోనే కేంద్రం 2017 మేలో పశువుల సంతలకు కొత్త నిబంధనలు తెచ్చింది. సంతలో ఎద్దునో గేదెనో కోతకు అమ్మకూడదన్నది అందులో ముఖ్యమైన సంగతి. జూలైలో సుప్రీంకోర్టు ఆ నిబంధనలను దేశమంతటా నిలిపేసింది. ఆ కోత నిషేధం గొర్రెలకు వర్తించేది కాదు. అయినా సరే, 2,000 కిలోమీటర్ల దూరంలో ఒక గుడి దగ్గర జరిగే జాతర మీద వేసిన కేసు మన కర్నూలు, అనంతపురం సంతల్లో ఎద్దు అమ్ముకునే రైతు దాకా వచ్చింది. పొరుగు దేశంతో పశువుల వ్యాపారం అంటే ఎన్ని తలుపులు ఉంటాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

బంగ్లాదేశ్ కథ ఇంకా పెద్దది. దశాబ్దాల పాటు మన పశువులు అక్కడికి వెళ్లాయి, కానీ ఎగుమతిగా కాదు, దొంగరవాణాగా. సరిహద్దు దాటాక అక్కడి కస్టమ్స్ వాళ్లు తలకు 500 టాకాలు కట్టించుకుని రసీదు ఇచ్చేవాళ్లు. మన వైపు నేరం, అటు వైపు రాబడి. 2015లో అప్పటి హోంమంత్రి సరిహద్దు దళానికి దీన్ని పూర్తిగా ఆపమని చెప్పారు. అక్కడ మాంసం ధర పెరిగింది. పెరిగిన ధర చూసి అక్కడి రైతులే పశువుల పెంపకంలోకి దిగారు. కొన్నేళ్లలోనే బక్రీదుకు కావాల్సిన పశువులను తమ దేశంలోనే సమకూర్చుకునే స్థితికి వచ్చారు. ఒకసారి ఆ దేశం తన కాళ్ల మీద నిలబడ్డాక, రేపు మనం తలుపు తెరిచినా పాత గిరాకీ ఉండదు. దీన్ని బోర్డుకు చెప్పినప్పుడు ఒక కుర్ర సభ్యుడు "అయితే వాళ్లకు మంచే జరిగింది గదా సార్" అన్నాడు. అవును, వాళ్ల రైతుకు మంచే జరిగింది. మన పొట్టేలు అక్కడ అమ్ముడుపోతుందని లెక్కేసుకునేవాళ్లు ఆ రైతును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ జిల్లాలవాళ్లకు తలుపు మూసుకోవడం అంటే ఏమిటో ఉల్లి ద్వారా ముందే తెలుసు. 2019 సెప్టెంబరులోనూ, 2020 సెప్టెంబరులోనూ కేంద్రం ఉల్లి ఎగుమతిని ఉన్నట్టుండి ఆపేసింది. కడప జిల్లా మైదుకూరు వైపు పండే కేపీ ఉల్లి, అంటే కృష్ణాపురం ఉల్లి, మన వంటల్లో పెద్దగా వాడరు, అది మలేసియా, సింగపూర్, శ్రీలంకల కోసమే పండించే పంట. దానికీ అదే నిషేధం తగిలింది. చివరికి 2020 అక్టోబరులో 10,000 టన్నులకు మాత్రం, చెన్నై రేవు నుంచి మాత్రం అనుమతి ఇచ్చారు. ఉల్లిగడ్డను కొన్నాళ్లు నిల్వ చేయవచ్చు. లారీ ఎక్కిన పొట్టేలును నిల్వ చేయలేం. రోజూ మేత, నీళ్లు కావాలి.

దీనికి ఎదురుగా మాల్దీవుల ఉదాహరణ పెట్టాను. 1981 నాటి ఒప్పందం ప్రకారం గుడ్లు, బియ్యం, ఉల్లి లాంటి నిత్యావసరాలను ఏటా ఇంత అని కోటా పెట్టి మన దేశం మాల్దీవులకు పంపుతుంది. 2024 మొదట్లో రెండు దేశాల మధ్య మాటలు ఎంత ముదిరాయో పేపర్లు చదివినవాళ్లకు గుర్తే. అదే ఏప్రిల్‌లో, 2024–25 సంవత్సరానికి 42 కోట్ల 75 లక్షల గుడ్లు పంపడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. అన్ని సరుకుల కోటాలూ కలిపి చూస్తే ఒప్పందం పుట్టాక ఇదే పెద్ద అనుమతి. ఇక్కడ గుడ్డుకింత అని సబ్సిడీ ఏమీ లేదు. ఏటా ఎంత పంపుతామో ముందే తెలిసిన లిఖిత కోటా ఉంది. కొనేవాడికి నమ్మకం, అమ్మేవాడికి ధైర్యం ఆ కోటా వల్ల వచ్చాయి. నా దృష్టిలో పొరుగు దేశాలతో జీవాల వ్యాపారానికి ప్రభుత్వం చేయగలిగిన అసలైన సాయం ఇలాంటిదే.

సబ్సిడీ ఇచ్చిన పశువు సరిహద్దు దాటితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే అమెరికా, కెనడాల సంగతి చూడాలి. కెనడా ప్రభుత్వాలు పందుల రైతులకు ధర పడిపోయినప్పుడు పూరించే పథకాలు నడిపేవి. అవి సబ్సిడీలేనని, తమ ధరలు పడిపోతున్నాయని అమెరికా రైతులు కేసు వేస్తే, 1985లో అమెరికా కెనడా పందుల మీద పౌనుకు నాలుగు సెంట్లకు పైన ఎదురు సుంకం వేసింది. అది రేట్లు మారుతూ 1999 దాకా నడిచింది. కెనడా ఖజానా నుంచి వెళ్లిన సొమ్ము చుట్టూ తిరిగి అమెరికా ఖజానాకు చేరినట్టయింది. 2003 మేలో కెనడాలో ఒక్క ఆవుకు మ్యాడ్ కౌ రోగం బయటపడగానే అమెరికా సరిహద్దు మూసేసింది. బతికున్న పశువులకు అది మళ్లీ తెరుచుకున్నది 2005 జూలైలో. మాంసం మీద ఏ దేశంలో పుట్టిందో రాయాలన్న అమెరికా నిబంధన మీద కెనడా, మెక్సికో వాణిజ్య సంస్థకు వెళ్లి గెలిచాయి. కెనడాకు ఏడాదికి వంద కోట్ల కెనడా డాలర్లకు పైగా ప్రతీకార సుంకాలు వేసుకోవచ్చని 2015 డిసెంబరులో తీర్పు వచ్చాక అమెరికా ఆ నిబంధనను ఎత్తేసింది. అమెరికా, కెనడాలు ఒకే భాష మాట్లాడే, అప్పట్లో స్నేహంగా ఉన్న పొరుగు దేశాలు.

పక్క రాష్ట్రం పెట్టిన సబ్సిడీ

కెనడా దాకా వెళ్లక్కరలేదు, మన కళ్లముందే జరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, ధర 1,25,000. అందులో 75 శాతం ప్రభుత్వానిది. 2021లో యూనిట్ ధర 1,75,000 చేశారు. గొర్రెలు కొనాల్సింది పక్క రాష్ట్రాల నుంచి. కర్నూలు, అనంతపురం మందల దగ్గరకు లారీలు వరసకట్టాయి.

అమ్మిన కాపరికి మొదట బాగానే అనిపించింది. ధర పెరిగింది, అప్పులు కొన్ని తీరాయి. పశువైద్యుడిగా నాకు గుబులు పుట్టించింది ధర కాదు, యూనిట్ కూర్పు. 21 జీవాల్లో 20 ఆడవి. కోతకు వెళ్లే పొట్టేలు అమ్మితే మందకు ఏమీ కాదు, అది అమ్మడానికే పెంచింది. ఈనే వయసులో ఉన్న ఆడ గొర్రెను అమ్మితే వచ్చే ఏడాది పిల్లలను కూడా అమ్మేసినట్టే. మంచి గొర్రెలు ఎక్కి వెళ్లాయి, పళ్లు రాలినవి, ఈతలు తప్పినవి మిగిలాయి. ఇలా ఖాళీ అయిన మందలను నేను చూశాను. అలాగని రాష్ట్రం మొత్తానికి గొర్రెలు తగ్గాయనడం నిజం కాదు. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు కోటి 76 లక్షలు, 2012తో పోలిస్తే దాదాపు 30 శాతం ఎక్కువ. తెలంగాణలో కోటి 90 లక్షలు, పెరుగుదల 48 శాతం దాకా. పెరిగిన ధర చూసి కొత్తవాళ్లు పెంపకంలోకి వచ్చారు. నష్టపోయింది ఆశపడి ఆడ గొర్రెలను ఒకేసారి తోలేసిన కాపరి.

ఇంకో సంగతి. గొర్రెలు అమ్మిన ఆంధ్రా రైతులకు రావాల్సిన డబ్బు వేరే ఖాతాలకు మళ్లిందన్న ఫిర్యాదు మీద తెలంగాణ ఏసీబీ కేసు పెట్టి, 2024లో అరెస్టులు కూడా చేసింది. సబ్సిడీ ఉన్న వ్యాపారంలో కొనేవాడు, డబ్బు కట్టేవాడు, సంతకం పెట్టేవాడు వేరువేరు మనుషులు. జీవం ఇచ్చిన కాపరికి ఈ ముగ్గురిలో ఒక్కరి ముఖమే తెలుస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు బోర్డులో ఎవరూ నాతో వాదించలేదు. దేశం లోపలే, తెలుగు మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్యే ఇంత జరిగితే, సముద్రం దాటిన వ్యాపారంలో డబ్బు ఆగిపోతే ఎవరి దగ్గరకు వెళ్లి అడగాలి?

జీవం ఓడ ఎక్కాక

బతికున్న గొర్రెల ఎగుమతిలో ప్రపంచానికి పాఠం చెప్పిన దేశం ఆస్ట్రేలియా. 2003లో కార్మో ఎక్స్‌ప్రెస్ అనే ఓడలో దాదాపు 58,000 గొర్రెలు సౌదీకి వెళ్తే, వాటిలో మూతి పుండ్ల రోగం ఎక్కువగా ఉందని సౌదీ దించుకోలేదు. ఓడ వారాల తరబడి సముద్రం మీదే ఉండిపోయింది. చివరికి ఎరిత్రియా ఉచితంగా తీసుకునేలోపు వేల జీవాలు చచ్చిపోయాయి. మూతి పుండ్లు మన మందల్లో వానలు పడ్డాక ముళ్ల కంపలు మేసినప్పుడు ఏటా కనిపించేవే. కాపరి పసుపు, నూనె రాసి వదిలేస్తాడు. దొడ్డిలో అది చిన్న రోగం. రేవులో అదే ఓడంత రోగం. ఆస్ట్రేలియా 2028 మే 1 నుంచి గొర్రెలను సముద్రం మీద పంపడం ఆపేస్తూ 2024లో చట్టం చేసింది. న్యూజిలాండ్ 2023 ఏప్రిల్ చివరి నుంచే పశువుల ఓడ ఎగుమతిని ఆపేసింది.

మన దేశంలోనూ ఈ దారి ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు ఉండదో చెప్పలేం. 2018 జూన్ చివర్లో నాగపూర్ విమానాశ్రయం నుంచి రెండు వేల గొర్రెలు, మేకలను షార్జాకు పంపే ఏర్పాటు జరిగి, నిరసనల వల్ల ఆఖరి క్షణంలో ఆగిపోయింది. 2023 జూన్‌లో కేంద్రం జీవాల ఎగుమతి దిగుమతుల బిల్లు ముసాయిదా విడుదల చేసి, వ్యతిరేకత చూసి అదే నెలలో వెనక్కి తీసుకుంది. బక్రీదుకు ముందు నెలలో ఇలా ఆగితే, కొవ్వుపట్టేలా మేపిన పొట్టేళ్లు కాపరి దొడ్డిలోనే ఉండిపోతాయి.

పారుడు రోగం, అంటే పీపీఆర్, దీనికంటే పెద్ద అడ్డు. 2030 నాటికి ప్రపంచం నుంచి దీన్ని తుడిచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. టీకా ఉంది, ఒక్కసారి వేస్తే మూడేళ్ల దాకా పనిచేస్తుంది. అయినా వలస మందల్లో టీకా వేసిన జీవం, వేయనిది కలిసిపోతాయి. ఏ జీవానికి ఎప్పుడు వేశారో రాసిపెట్టిన పుస్తకం ఉన్న మందలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొనే దేశం మొదట అడిగేది ఆ పుస్తకాన్నే. 2022–23లో మన దేశం నుంచి గొర్రె, మేక మాంసం ఎగుమతి దాదాపు 9,600 టన్నులే. గేదె మాంసం అదే ఏడాది 11 లక్షల టన్నులు దాటింది. జీవాల సంఖ్యలో ప్రపంచంలో ముందు వరుసలో ఉండి కూడా ఇంత తక్కువ పంపడానికి మొదటి కారణం ఇంటి గిరాకీ. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మన పొట్టేలును మంచి ధరకే తినేస్తున్నాయి.

బోర్డు నిర్ణయం, తర్వాత జరిగింది

నా సిఫారసు మూడు మాటల్లో ఇచ్చాను. డిపాజిట్ కట్టవద్దు. తూకం దొడ్డి దగ్గరే జరగాలి, లారీ కదిలేలోపు డబ్బు ఖాతాలో పడాలి. ఆడ గొర్రె ఏ ధరకూ ఈ ఒప్పందంలో ఉండకూడదు. బోర్డు ఈ షరతులు రాసి వ్యాపారులకు పంపింది. వాళ్లు రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడి, తర్వాత పలకలేదు. ఇద్దరు ముగ్గురు సభ్యులు విడిగా వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చుకున్నారని తర్వాత తెలిసింది. అందులో కొంత వెనక్కి వచ్చింది, కొంత రాలేదు. ఆ మనుషుల ముందు నేను ఈ కేసు గురించి గట్టిగా మాట్లాడను. ఆశపడటానికి వాళ్లకు కారణం ఉంది, ఆ ఏడాది వానలు లేవు, మేతకు అప్పు చేశారు.

కంపెనీ సొంత డబ్బుతో ఒక ఎలక్ట్రానిక్ కాటా కొన్నది. బక్రీదుకు బెంగళూరు నుంచి వచ్చిన కొనుగోలుదారులకు మొదటిసారి తూకం మీద పొట్టేళ్లు అమ్మారు. బరువైన పొట్టేళ్లు ఉన్నవాళ్లకు జత బేరంలో వచ్చేదానికంటే మంచి ధర వచ్చింది. తేలికవాటికి తగ్గింది, దాంతో వాళ్లు కోపంగా మళ్లీ దళారి దగ్గరకే వెళ్లారు. కొందరు కొనుగోలుదారులు కాటా చూసి లారీ తిప్పుకుని వెళ్లిపోయారు. ఒకటి రెండేళ్లు ఇలా ఒడుదొడుకులు ఉంటాయని బోర్డుకు ముందే చెప్పాను, అలాగే ఉంది.

టీకా పని మాత్రం అనుకున్నదానికంటే బాగా సాగింది. మందకొక పుస్తకం పెట్టాం. తొలకరికి ముందు చిటుకు రోగం టీకా, తర్వాత పీపీఆర్, చలికాలంలో బొబ్బ రోగం టీకా, ఏది ఏ తేదీన ఎన్ని జీవాలకు వేశారో మందలో చదువుకున్న పిల్లలే రాస్తున్నారు. ఒక మందలో ఈ పని చేస్తున్నది పదో తరగతి చదివే అమ్మాయి. ఆ పుస్తకం చూసి ఒక మాంసం ప్రాసెసింగ్ యూనిట్ వాళ్లు మందను చూడటానికి వచ్చారు. కొనలేదు, కానీ ఒకే వయసు పొట్టేళ్లు ఒకేసారి ఎన్ని ఇవ్వగలరని అడిగి వెళ్లారు. దానికి జవాబు చెప్పాలంటే ఈతలను ఒక కాలానికి సర్దాలి, అంటే పోతును మందలో ఎప్పుడు వదలాలో కాపరులందరూ కలిసి నిర్ణయించుకోవాలి. ఆ చర్చ ఇంకా తెగలేదు. వలస వెళ్లే మందలవాళ్లు ఒప్పుకోవడం లేదు, వాళ్ల కష్టం న్యాయమైనదే.

కంపెనీ పేరు మీద పశుసంవర్ధక శాఖకు మేం రాసిన అర్జీలో తలకింత సబ్సిడీ అడగలేదు. పీపీఆర్ టీకా వలస మందలకు దారిలోనే అందాలని, తాలూకాకొక ప్రభుత్వ కాటా ఉన్న జీవాల యార్డు కావాలని, రోగం లేదని ధ్రువీకరించే రక్తపరీక్షలకు నమూనాలు జిల్లాలోనే తీసుకునే ఏర్పాటు ఉండాలని అడిగాం. పొరుగు దేశాలతో కేంద్రం ఎప్పుడు మాట్లాడినా గుడ్లకు ఉన్నట్టు మాంసానికి కూడా ఏటా ముందే తెలిసే కోటా ఒకటి అడగమని చివరి పేరాలో రాశాం. కాటా గురించి పరిశీలిస్తామని జవాబు వచ్చింది. మిగతా వాటికి ఇంకా ఎదురుచూస్తున్నాం. ఈలోగా పోతుల విషయం తేల్చడానికి తొలకరి లోపు ఇంకో సమావేశం పెట్టాలని బోర్డు తీర్మానించింది.